పిలిచే విద్య, తరిమే విద్య

పావురం ఒంటరిగా కొత్త చేలో దిగడానికి జంకుతుంది. పైన ఒక చుట్టు తిరిగి చూస్తుంది. కింద తనలాంటివి నాలుగు తల వంచి మేస్తుంటే దానికి ధైర్యం వస్తుంది. అక్కడ గింజ ఉంది, గండం లేదు. ఇంకొక పిట్ట అప్పుడే రెక్కలు విప్పి వాలుతున్నట్టు కనబడిందా, ఇక ఆలోచించదు, వచ్చేస్తుంది. ఈ ఒక్క స్వభావాన్ని పట్టుకుని ప్రపంచమంతటా వేటగాళ్లు ఒక పెద్ద విద్యనే కట్టారు. మనవాళ్లు దాన్ని దీమం అన్నారు. దీమపు పిట్ట, దీమపు లేడి అంటే వేటగాడు మచ్చిక చేసి, దాని జాతినే రప్పించడానికి అడవిలో నిలబెట్టే జీవం. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు సోమేశ్వరుడు రాసిన మానసోల్లాసంలో, వేట పద్ధతుల మధ్య, దీమపు లేళ్ల ప్రస్తావన కూడా ఉంది.

ఇంగ్లండులో ఈ విద్య మోటారు దాకా వచ్చింది. అక్కడి అడవి పావురాలు ఆవ మొక్కలను, బఠానీ చేలను గుంపులుగా దిగి తినేస్తాయి కనుక, పంట కాపాడుకోవడానికి వాటిని కాల్చడానికి చట్టం షరతులతో ఒప్పుకుంటుంది. ఆర్చీ కోట్స్ అనే ఆయన దాన్నే వృత్తిగా చేసుకుని, 1963లో ఒక పుస్తకం కూడా రాశాడు. ఆ తర్వాతి తరం వేటగాళ్లు షెడ్డులో సొంతంగా తయారు చేసుకున్న యంత్రానికి ‘మాగ్నెట్’ అని పేరు. పాత కారు అద్దం తుడిచే వైపర్ మోటారు, 12 వోల్టుల బ్యాటరీ, నేలలో దిగేసే ఇనుప కడ్డీ, దాని తల మీద రెండు వైపులా చాచిన సన్నని పొడవాటి చేతులు. ఒక్కో చేతి చివర రెక్కలు విప్పిన ఒక పావురం బొమ్మ.

వైపర్ మోటారే ఎందుకంటే, అందులో మరచుట్టు పళ్లచక్రం ఉంటుంది. బ్యాటరీ మీద నడుస్తూనే నెమ్మదిగా, గట్టిగా తిప్పుతుంది. ఫ్యాను మోటారు తిప్పినంత వేగంగా తిప్పితే పావురాలు బెదిరిపోతాయి. చేతులు సన్నగా ఉంటే బరువుకి వంగి ఊగుతాయి, దాంతో బొమ్మ ఎత్తూ పల్లమూ పోతూ నిజంగా వాలుతున్నట్టే ఉంటుంది. రెండు చేతులూ ఒకే ఎత్తులో, ఒకే పొడవులో ఉండకపోతే మరీ మంచిది. కొందరు కాసేపు తిప్పి కాసేపు ఆపే స్విచ్చి పెడతారు. ఆగకుండా తిరిగే పిట్టను చూస్తే నిజం పిట్టకు అనుమానం. ఇంగ్లండు అడవి పావురం రెక్కకు అడ్డంగా తెల్లటి పట్టె ఉంటుంది. రెక్క విప్పినప్పుడు మెరిసే ఆ తెలుపే చాలా దూరానికి కబురు మోసేది, యంత్రమంతా ఆ మెరుపును చూపించడానికే. కింద మిగతా బొమ్మలను గాలికి ఎదురు తిప్పి, మధ్యలో ఖాళీ వదిలి పేరుస్తారు. పిట్టలు గాలికి ఎదురుగా వాలతాయి, వాలడానికి చోటు వెతుక్కుంటాయి, ఆ ఖాళీలోకే వస్తాయి.

ఈ యంత్రంలో నన్ను ఆకట్టుకునేది మోటారు కాదు. దాని ప్రతి భాగం వెనుకా పావురాన్ని ఏళ్ల తరబడి చూసిన కన్ను ఉంది. ఆ కన్ను లేనివాడు ఎంత ఖరీదైన బ్యాటరీ తెచ్చినా ఒక్క పిట్టా దిగదు. ఈ చూపు మోటార్లకు ఎంతో పాతది. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో లవ్‌లాక్ గుహను 1924లో తవ్వినప్పుడు తుంగతో అల్లిన బాతు బొమ్మలు దొరికాయి. వాటి వయసు సుమారు రెండు వేల ఏళ్లు. మన చెరువుల్లోనూ ఇలాంటిదే ఒకటి ఉండేది. ముందు కొన్ని ఖాళీ కుండలు నీళ్లలో వదిలేవారు. బాతులు వాటికి అలవాటు పడ్డాక, మనిషి తలకు కుండ బోర్లించుకుని మెడలోతు నీళ్లలో నడుస్తూ పోయి, పిట్టలను కాళ్లు పట్టి కిందికి లాగేవాడు. కముజు పిట్టలకైతే మరో పద్ధతి. మగ కముజును పంజరంలో పెట్టి పొద మాటున ఉంచితే అది కూస్తుంది. ఆ నేల తనదనుకునే అడవి కముజు పోట్లాటకు వచ్చి చుట్టూ వేసిన ఉరుల్లో తగులుకుంటుంది. ఇక్కడ పిట్టను రప్పించేది ఆకలి కాదు, అభిమానం.

బస్తర్‌లో ఈ అభిమానమే కోడిపుంజు రూపంలో కనిపిస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ మనకు పరాయి సీమ కాదు. అక్కడి రాజవంశం తమది ఓరుగల్లు కాకతీయుల శాఖ అని చెప్పుకుంది. కొంటా, భోపాల్‌పట్నం వైపు ఇప్పటికీ సంతలో తెలుగు వినబడుతుంది. బస్తర్ గుండా వచ్చే శబరి మన కూనవరం దగ్గరే గోదావరిలో కలుస్తుంది. ఆ సీమలో కొన్ని చోట్ల సాల్ చెట్లు, మరికొన్ని చోట్ల టేకు ఎక్కువ. సాల్ అడవి ఎంత దూరం ఉంటే ఎర్ర అడవికోడి దాదాపు అంత దూరం ఉంటుందని పక్షిశాస్త్రవేత్తలు ఎప్పుడో గమనించారు. మన పెరటి కోళ్లన్నిటికీ మూలం ఆ కోడే. అందుకే దానికి దీమం కూడా ఇంట్లోనే దొరికింది. పెంపుడు పుంజును అడవి అంచున కాలికి తాడు కట్టి, చుట్టూ ఉరులు పన్ని వదిలితే చాలు, తెల్లవారుజామున దాని కూతకు అడవి పుంజు ఎదురు కూత కూస్తూ నేరుగా వచ్చేది. సంతల్లో కోడిపందేలను అంతగా ప్రేమించే జనానికి పుంజు మనసు చదవడం ఎవరో నేర్పాలా!

బస్తర్ మారియా గోండుల గురించి 1938లో గ్రిగ్సన్, మురియాల గురించి 1947లో వెరియర్ ఎల్విన్ పెద్ద పుస్తకాలు రాశారు. ఆ సమాజంలో వేట కడుపు కోసం చేసే పని మాత్రమే కాదు, పండుగలో ఒక అంగం. గోదావరి ఏజెన్సీ కోయ పల్లెల్లో విత్తనాల పండుగ చూసినవారికి ఇది తెలుసు. మగవాళ్లు విల్లంబులు పట్టి అడవికి పోతారు, ఆడవాళ్లు దారికి అడ్డు కట్టి వచ్చేపోయేవారిని డబ్బులడుగుతారు. పిట్టలకు వాడే బాణానికి మొన ఉండదు, మొద్దుగా ఉంటుంది. మాంసం చిరగకూడదు, ఈకలు పాడవకూడదు. మర్రిపాలు, రావిపాలు కాచి తీసిన జిగురును వెదురు పుల్లలకు రాసి, పండ్లకు వచ్చే పచ్చ పావురాల కోసం కొమ్మల మీద పెట్టే పద్ధతి మధ్య భారతమంతటా ఉండేది.

పిట్టను పిలవడానికి తెల్లవాళ్లు గుండ్రంగా తిప్పారు. జంతువును తరమడానికి బస్తర్‌వాళ్లు గుండ్రంగా తిప్పుతారు. నారాయణపూర్, అబూజ్‌మాడ్ వైపు మురియాలు చేసే గాలి వేణువు అదే. దాన్ని పెదాలకు ఆనించి ఊదరు, చేతిలో పట్టుకుని గాలిలో తిప్పుతారు. ఎండిన వెదురు గొట్టం, లోపల గాలి దారిని ఇరుకు చేసే చిన్న రంధ్రం. గొట్టం తిరుగుతుంటే గాలి ఆ ఇరుకులోంచి దూసుకుపోతూ పాడుతుంది. వేగం పెంచితే గొంతు పెరుగుతుంది, చెయ్యి నెమ్మదిస్తే తగ్గుతుంది. బ్యాటరీ లేదు, స్విచ్చి లేదు, మోటారు మన భుజం. వెదురు మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో గీతలు, చేపలు, ఆకులు వేస్తారు. కాలిన గీత నల్లబడి చెరగకుండా నిలుస్తుంది. అడవి దారిలో చీకటి పడ్డప్పుడు, పశువుల వెంట పోయేటప్పుడు దీన్ని తిప్పుతూ నడిస్తే జంతువులకు మనిషి వస్తున్నట్టు ముందే తెలుస్తుంది, తప్పుకుంటాయి. రెండు వైపులా ప్రాణం దక్కుతుంది. ఇంతకంటే మర్యాదైన ఆయుధం నేను ఎరగను. ఈ వేణువులు, కొయ్య చెక్కడాలు చేసే గఢ్‌బెంగాల్ వాసి పాండీరామ్ మాండవికి 2023లో పద్మశ్రీ వచ్చింది. నగరాల హస్తకళా ప్రదర్శనల్లో దాన్ని గోడకు వేలాడదీసే అలంకారంగా అమ్ముతున్నారు. కొన్నవాళ్లు ఒక్కసారైనా ఆరుబయట తిప్పి వినాలి. అది గోడకు పుట్టిన వస్తువు కాదు.

మరి పిలిచే విద్య సంగతేమిటి? మన దేశంలో తుపాకీ వైపు దాని తలుపు మూసుకుపోయింది, మూసుకోవడమే మంచిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అనే మాటలోకి చంపడాన్నే కాదు, ఉరి పన్నడాన్ని, పట్టడాన్ని, ఎర చూపడాన్ని కూడా చేర్చింది. 1991 సవరణతో సరదా వేటకు లైసెన్సుల కాలం ముగిసింది. పిట్టను పిట్టతోనే మోసగించడంలోని అన్యాయాన్ని వేటను ఒప్పుకునే దేశాలూ గుర్తించాయి. నీటిపక్షుల వేటకు బతికున్న దీమాలను వాడకూడదని అమెరికా 1935లోనే నిషేధించింది. మనదగ్గర ఇంకా మిగిలిన దురాచారం దసరాది. పాలపిట్టను చూస్తే శుభమన్న నమ్మకాన్ని వ్యాపారం చేసి, ఆ పిట్టను జిగురుతో పట్టి, రెక్కలు కత్తిరించి, కాళ్లు కట్టి, పంజరంలో పెట్టి చూపించి డబ్బు తీసుకుంటున్నారు. తెలంగాణ రాష్ట్ర పక్షికి తెలంగాణ పండుగ పూట జరిగే అవమానం ఇది. కోపం రాకుండా రాయలేను.

అయితే ఈ విద్య తెలిసినవాళ్లను నేరస్థుల జాబితాలో వేసి ఊరుకుంటే మనం పోగొట్టుకునేది చాలా ఉంది. కడప జిల్లా కథ వినండి. కలివికోడిని 1848లో థామస్ జెర్డన్ శాస్త్రలోకానికి చూపించాడు. 1900 తర్వాత అది ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ లంకమల కొండల కింద పల్లెపల్లెకూ తిరిగి ఆ పిట్ట గురించి అడిగాడు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుతురులో దాన్ని పట్టి ఇచ్చాడు. ఎనభై ఆరేళ్లు చదువుకున్నవాళ్లకు దొరకని పిట్ట, పొదల్లో రాత్రులు తిరిగిన మనిషికి తెలుసు. అది రాత్రి పిట్ట, పగలు వెతికినవాళ్లకు దొరకదు. ఆ ఒక్క పట్టు వల్ల లంకమల అభయారణ్యమైంది, ఆ పొదల్లోంచి తవ్వే కాలువల దారుల మీద చర్చ జరిగింది, ఒక జాతి మళ్లీ పటంలోకి వచ్చింది.

తర్వాత శాస్త్రవేత్తలు అక్కడ చేసింది కూడా దీమమే. కలివికోడి చీకటి పడ్డాక కొద్దిసేపే కూస్తుంది. ఆ కూతను రికార్డు చేసి, సాయంత్రాలు పొదల మధ్య స్పీకరులో వినిపించి, జవాబిచ్చే పిట్టల కోసం చెవి ఒగ్గారు. మెత్తటి మట్టి పట్టీలు పరిచి అడుగుజాడలు చదివారు. పంజరంలో కముజు చేసిన పనిని బ్యాటరీ పెట్టె చేసింది, చివర ఉరి మాత్రం లేదు. బీహారులో తరతరాలుగా పిట్టలు పట్టే మీర్షికారు కుటుంబానికి చెందిన అలీ హుస్సేన్ కూడా తాతల నాటి వలలు, ఉరుల విద్యనే బాంబే సొసైటీ వారి పక్షులకు ఉంగరాలు తొడిగే పనిలో పెట్టాడు. పిట్టను ఈక రాలకుండా పట్టి, ఉంగరం తొడిగి, మళ్లీ గాలిలోకి వదిలే నేర్పు అది.

అమెరికాలో మెయిన్ తీరాన ఇంకో అడుగు ముందుకు వేశారు. ఒకప్పుడు వేటతో ఖాళీ అయిపోయిన ఈస్టర్న్ ఎగ్ రాక్ ద్వీపానికి పఫిన్ పిట్టలను తిరిగి రప్పించాలని స్టీఫెన్ క్రెస్ 1973లో పని మొదలుపెట్టాడు. పిల్లలను తెచ్చి పెంచి సముద్రంలోకి వదిలాడు. పెద్దయ్యాక అవి ఆ రాతిగుట్ట మీద వాలడానికి జంకాయి. చేలో దిగడానికి పావురం జంకినట్టే. అప్పుడు రాళ్ల మీద కొయ్య పఫిన్లను నిలబెట్టాడు. 1981లో అవి అక్కడ మళ్లీ గూళ్లు పెట్టాయి. ఇప్పుడు ఎన్నో సముద్ర పక్షుల కోసం, ఎన్నో దేశాల్లో, బొమ్మలు, కూతల రికార్డులు పెట్టి ఇదే చేస్తున్నారు.

బస్తర్ కొండ గోరువంకకు ఇలాంటి శ్రద్ధ కావాలి. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి అది. మనిషి మాటను మనిషిలాగే పలికే నేర్పు దానికి శాపమైంది. చెట్టు తొర్రల్లోంచి పిల్లలను తీసి పంజరాలకు అమ్మారు. మగ, ఆడ పైకి ఒకేలా ఉండటంతో జగదల్‌పూర్‌లో బందీగా ఉంచి పిల్లలు పెట్టించాలన్న ప్రయత్నం ఏళ్లు గడిచినా ఫలించలేదు. 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ పార్కులో ఇప్పుడు చుట్టుపక్కల పల్లెల ఆదివాసీ యువకులే ‘మైనా మిత్ర’లుగా గూళ్లను కాపలా కాస్తున్నారు, పిల్లల చేత గులేర్లు మాన్పిస్తున్నారు. ఏ ఎండు చెట్టు తొర్రలో జంట ఉందో, ఏ మర్రి పండితే గుంపు ఎటు పోతుందో వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. బస్తర్ నుంచి నాకు వినబడిన మంచి కబుర్లలో ఇది మొదటిది.

కనుక అటవీ శాఖలను అడిగేది ఒకటే. చట్టంలో శాస్త్ర పరిశోధనకు అనుమతి ఇచ్చే వీలుంది. పిట్టలోళ్లు, నక్కలోళ్లు, కోయలు, గోండులలో ఈ విద్య తెలిసిన పెద్దలను పక్షుల లెక్కింపులో, గూళ్ల కాపలాలో జీతమిచ్చి పెట్టుకోండి. చదువుకునే పిల్లలకు మరో మాట. మీ తాతకు కముజు కూత నోటితో కూయడం వస్తే, ఫోనులో రికార్డు చేసి, పిట్ట పేరు, ఊరు, కాలం రాసి దాచండి. ఆ కూత తెలిసినవాళ్లంతా ముసలివాళ్లయ్యారు. ఈ పని ఈ ఏడే చేయాలి.