షాలిమార్ మీది ఆకాశం

హైదరాబాద్‌లో ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చివరిదాకా కూర్చుంటే షాలిమార్‌లో దిగుతాం. కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీకి హౌరా వైపు ఒడ్డు. షార్ట్‌వేవ్ వినే అలవాటున్నవాళ్లు ఇక్కడొక సాయంత్రం ఆగాలి.

మూడు నుంచి ముప్పై మెగాహెర్ట్జ్ దాకా ఉన్న ఈ తరంగాలను మోసేది సూర్యుడే. ఎండకు పై గాలిలో ఎలక్ట్రాన్లు ఊడి ఐనోస్ఫియర్ ఏర్పడుతుంది. సిగ్నల్ అక్కడిదాకా ఎక్కి, వంగి, వందల, వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. రేడియో సిలోన్‌లో మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు పలుకులు సముద్రం దాటి మన ఇళ్లలోకి వచ్చింది ఈ దారినే. పగలు 60-90 కిలోమీటర్ల ఎత్తున ఉండే డి పొర తక్కువ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది. అందుకే పగలు ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న 16, 19 మీటర్ల బ్యాండ్లు, పొద్దుగూకాక తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న 41, 49 మీటర్లవి.

ఇది ఎక్కడైనా ఉన్నదే. షాలిమార్ సంగతి వేరు. మన దేశపు దక్షిణ కొస మీదుగా పోయే అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర పగటిపూట ఎలక్ట్రాన్లు పైకి లేచి, అయస్కాంత రేఖల వెంట ఇరువైపులా జారి కుప్పపడతాయి. ఉత్తరపు కుప్ప దాదాపు కోల్‌కతా నెత్తిన ఉంటుంది. ఈ వింతను 1946లో ఆపిల్టన్ నేచర్ పత్రికలో చూపిస్తే, రేఖల వెంట జారడమే కారణమని అదే ఏడు అదే పత్రికలో రాసింది కలకత్తా విశ్వవిద్యాలయపు శిశిర్ కుమార్ మిత్ర. ఎలక్ట్రాన్లను పైకి లేపేది విద్యుత్ క్షేత్రమన్న సంగతి తర్వాత తేలింది. ఇటు వాల్తేరులో బి. రామచంద్రరావు గారు ఇదే ఐనోస్ఫియర్ మీద పరిశోధన నిలబెట్టారు. ఈ ఇద్దరి పేర్లూ మన బడి పుస్తకాల్లోకి ఎక్కాల్సినంతగా ఎక్కలేదని నా ఫిర్యాదు.

సూర్యాస్తమయం అయ్యాక ఆ అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర, డి పొరకు బాగా ఎగువన ఉండే ఎఫ్ పొరలో, ఎలక్ట్రాన్లు పలచబడ్డ బుడగలు పుట్టి ఉత్తరానికి పాకుతాయి. సూర్యుడు జోరుగా ఉన్న ఏళ్లలో, మార్చి, సెప్టెంబరు నెలల్లో ఇవి ఎక్కువ. అప్పుడు స్పష్టంగా వస్తున్న వార్తలు ఉన్నట్టుండి తిరిగే ఫ్యాను రెక్కల అవతల నుంచి చదువుతున్నట్టు వణుకుతాయి. కొత్తవాళ్లు సెట్టు పాడైందనుకుని ముల్లు అటూ ఇటూ తిప్పేస్తారు. తిప్పకూడదు. ఆ వణుకు కోసమే కూర్చున్నాం.

అసలు పోరు గరగరతో. స్టేషన్ యార్డు పైన 25 కిలోవోల్టుల తీగలు, ఇళ్లలో ఎల్‌ఈడీ బల్బులు, ఫోను ఛార్జర్లు. బ్యాటరీ సెట్టు పట్టుకుని పట్టాలకు దూరంగా, బొటానికల్ గార్డెన్ వైపు నది ఒడ్డుకు పోవడం మేలు. పది మీటర్ల ఇన్సులేటెడ్ తీగ ఒక కొస యాంటెనాకు తగిలించి, రెండో కొస వీలైనంత ఎత్తున కట్టాలి. ఖరీదైన సెట్టు కంటే ఈ తీగ ఎక్కువ వినిపిస్తుంది.

నోట్‌బుక్‌లో ఫ్రీక్వెన్సీ, భారత కాలం నుంచి అయిదున్నర గంటలు తీసేసిన యూటీసీ సమయం, సిన్పో అంకెలు రాయాలి. బలం, అడ్డు, రొద, ఊగిసలాట, మొత్తం మీద ఎలా ఉందన్నది, ఒక్కోదానికి అయిదుకు ఇన్ని మార్కులు. 43422 అంటే బలం బాగుంది కానీ ఊగిపోతోందని అర్థం. ఇలా రాసి పంపితే కొన్ని స్టేషన్లు ఇప్పటికీ, మీరు విన్నది తమనేనని ధ్రువీకరించే క్యూఎస్ఎల్ కార్డు పంపుతాయి. కార్డు కోసం అందరికీ అయిదులు వేసే మొహమాటస్తులూ ఉన్నారు. షాలిమార్‌లో మాత్రం నాలుగో అంకె రెండుకు పడిన నిమిషాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాలి. ఒకే స్టేషన్‌ను నెల పొడుగునా వింటే, బుడగలు ఏ రాత్రి ఎన్నింటికి వచ్చాయో ఆ నోట్‌బుక్కే చెబుతుంది.