కాయా పాట ఏ జాతిది?

కోరంగి రేవు దాటి మన కూలీలు చేరిన మారిషస్‌లో, 1968 నాటి రాజ్యాంగం శాసనసభ సీట్ల కోసం ప్రజల్ని నాలుగు సముదాయాలుగా విభజించింది. హిందువులు, ముస్లింలు, చైనా సంతతివారు పోగా మిగిలిన వారంతా 'సాధారణ జనాభా'. బానిసల సంతతీ, ఫ్రెంచి తోటల యజమానుల సంతతీ ఒకే గంపలో!

క్రియోల్ గాయకుడు కాయా, బానిసల 'సెగా'ను జమైకా 'రెగె'తో కలిపి 'సెగ్గే' కట్టాడు. పేరు బాబ్ మార్లీ ఆల్బం నుంచి తెచ్చుకున్నాడు. తెల్ల తండ్రికి పుట్టిన మార్లీ, బాల్యంలో జమైకాలో సంకరుడని ఎగతాళి పడ్డాడు. లోకానికి నల్లజాతి గొంతయ్యాడు. రక్తం కాదు, ఎవరి బాధ పాడాడన్నదే అతని జాతిని తేల్చింది.

1999 ఫిబ్రవరిలో కాయా పోలీసు నిర్బంధంలో మరణించాడు. పోలీసులపై రగిలిన ఆగ్రహం క్రియోల్, హిందూ తగాదాగా మళ్లింది. పాట చెరిపిన గీతను మనుషులు మళ్ళీ గీశారు.

గాయకుడి కులం ఆరా తీయనిదే పాట వినలేని మన విమర్శకు ఇందులో పాఠం లేదా?