ఆంగ్లరచనాభ్యాసము: స్వయంసంస్కరణము, సహపాఠివిమర్శ

విద్యార్థి వ్రాసిన ఆంగ్లవ్యాసమును అధ్యాపకుడు ఎఱ్ఱసిరాతో దిద్ది యిచ్చుట మన కళాశాలలలో చిరకాలముగా వచ్చుచున్న పద్ధతి. విద్యార్థి మార్కులను చూచుకొనును, దిద్దుబాట్లను చూడడు. ఆ వ్యాసమును మరల వ్రాయడు. వ్యాకరణపు దిద్దుబాట్లు నిష్ప్రయోజనములని 1996లో ట్రస్కాట్ వాదించెను. 1999లో ఫెర్రిస్ ఆ వాదమును ఖండించెను. వారి వివాద మెట్లున్నను, తిరిగి వ్రాయింపని దిద్దుబాటు ఎవరికొఱకు అను ప్రశ్న మనకు మిగిలియే యున్నది.

హైదరాబాదు విద్యార్థి రెండు భాషల నడుమ పెరుగుచున్నాడు. ఆబిడ్సులోని సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూలు 1834 నాటిది. దానికి అనతిదూరమున, నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో, 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయము చిరకాలము నడచినది. ఇచ్చటి తెలుగు విద్యార్థి పలుమారులు ఒక భాషలో తలచి వేఱొక భాషలో వ్రాయును. 'వేడివేడి కాఫీ'ని 'హాట్ హాట్ కాఫీ' చేయును. తెలుగున ఆర్టికిల్ లేదు గనుక 'ఎ', 'ది' అను పదములను విడిచివేయును. లేదా అక్కఱలేనిచోట చేర్చును. ప్రక్కనున్న సహపాఠిదియు అదే మాతృభాష యగుటచే ఆ దోషము వానికి దోషముగా తోపదు. సహపాఠివిమర్శకు గల మేర యిది.

అయినను ఆ సహపాఠి "ఈ వాక్యమునకు పైవాక్యముతో సంబంధమేమి?" అని యడుగగలడు. అర్థము నడుగుటకు వ్యాకరణపాండిత్యము అక్కఱలేదు. లుండ్‌స్ట్రామ్, బేకర్ అను పరిశోధకులు ఆంగ్లము నేర్చువారిని రెండు వర్గములుగా పరిశీలించి 2009లో ఫలితములను ప్రకటించిరి. ఇతరుల వ్యాసములను విమర్శించుట నేర్చినవారి రచన, విమర్శను స్వీకరించి దిద్దుకొనుట నేర్చినవారి రచనకంటె ఎక్కువగా మెఱుగుపడెను. పరుల వ్యాసమున లోపము వెదకిన కన్ను తన వ్యాసమునందును వెదకును. కావున సహపాఠివిమర్శ స్వయంసంస్కరణమునకు తొలిమెట్టు.

మన సాహిత్యమున దీనికి గురజాడ నిదర్శనము. ఆంగ్లమున 'సారంగధర' వ్రాసిన ఆయనకు మాతృభాషలో వ్రాయుమని కలకత్తా పత్రికాసంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ హితవు చెప్పెను. 1897లో అచ్చయిన 'కన్యాశుల్కము'ను ఆయన పెంచి, మార్చి, 1909లో దాదాపు క్రొత్త నాటకముగా వెలువరించెను. దారి చూపినది పరుల మాట. తిరుగవ్రాసిన శ్రమ తనది.

కావున తొలిప్రతిపై సహపాఠి అర్థమునుగూర్చి ప్రశ్నింపవలెను. కొన్నిదినములు గడచిన పిమ్మట విద్యార్థియే దానిని తిరుగవ్రాయవలెను. తరగతి కంతటికిని ఉమ్మడియైన భాషాదోషములను అధ్యాపకుడు చూపవలెను. తరగతులు పెద్దవి, కాలము చాలదు అందురు. పది వ్యాసములు ఒక్కసారి వ్రాయించుటకంటె అయిదు వ్యాసములు రెండుసారులు వ్రాయించుట మేలు. మార్కులు రెండవ ప్రతికే వేయవలెను. అంతవఱకు ఎఱ్ఱసిరా అధ్యాపకుని శ్రమకే సాక్ష్యము, విద్యార్థి అభ్యాసమునకు కాదు.