వాడపల్లి సంగమంలో పురుగుల సాక్ష్యం

నది బాగోగులు తెలియాలంటే సీసాలో నీళ్లు పట్టి ల్యాబ్‌కు పంపడమే మనకు అలవాటు. సీసాలోకి వచ్చేది ఆ పూట పారే నీరే. రాత్రి ఎవరో వదిలిన మురుగు తెల్లారేసరికి దిగువకు పోతే సీసాకు ఆ సంగతి తెలియదు. అడుగున రాళ్లను కరుచుకుని బతికే పురుగులకు తెలుస్తుంది. వాటిలో చాలా రకాలు వారాలు, నెలలు అక్కడే పెరుగుతాయి. చేపల్లా ఈది తప్పించుకోలేవు. అందుకే వాటిని పట్టే వల మీద, పోసి చూసే తెల్ల ట్రే మీద నాకు అంత నమ్మకం.

ఆ ట్రే పట్టుకుని వెళ్లవలసిన చోటు వాడపల్లి. అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ హైదరాబాద్ మురుగును మోసుకుని, సూర్యాపేట దగ్గర ప్రాజెక్టు దాటి, ఇక్కడ కృష్ణలో కలుస్తుంది. దారిలో కత్వల (చిన్న ఆనకట్టల) వెనక నీళ్లు నిలిచి మలినాలు అడుగుకు దిగుతాయి. నగరానికి దూరమయ్యే కొద్దీ బీఓడీ, అంటే నీటిలోని మలినాలు కుళ్లడానికి పట్టే ఆక్సిజన్ లెక్క, తగ్గడం పరిశోధకులు కొలిచి చూపారు. తగ్గడం సరే, నదికి ప్రాణం వచ్చిందా? అడుగున ఏవి కాపురముంటున్నాయో చూస్తేనే తేలుతుంది.

పని కష్టమైంది కాదు. మోకాలిలోతు నీళ్లలో వల నోరు ఎగువకు తిప్పి నిలబెట్టి, దాని ముందున్న రాళ్లను కాలితో కదపాలి. వలలో పడినవాటిని ట్రేలో పోసి ఓపిగ్గా చూడాలి. పొట్ట పక్కల మొప్పలు ఆడించే మేఫ్లై పిల్లలు రకరకాలుగా కనిపిస్తే మంచి కబురు. ఎర్రటి కైరోనమిడ్ పురుగులే కుప్పలుగా ఉంటే ఆక్సిజన్ తగ్గిందని అనుమానించాలి; ఒంట్లో హిమోగ్లోబిన్ ఉండబట్టి అవి అలాంటి బురదలోనూ నెగ్గుకొస్తాయి.

ట్రేలో చూసినదాన్ని అంకెల్లోకి మార్చడానికి బ్రిటన్‌లో తయారైన బీఎండబ్ల్యూపీ పట్టిక ఉంది; కాలుష్యం ఎంత పడకపోతే అన్ని ఎక్కువ మార్కులు. అందులో తూనీగ పిల్లలకు 8 మార్కులు, నత్తల్లో, జలగల్లో చాలావాటికి 3, కైరోనమిడ్‌లకు 2, బురద ఎర్రలకు 1. దొరికిన కుటుంబాల మార్కుల సగటు ఒక లెక్క. రెండోది నాకు మరీ ఇష్టం: జీవుల్ని దొరికిన వరుసలోనే పేర్చి, పక్కదాని కంటే వేరే రకం వచ్చిన ప్రతిసారీ ఒక కొత్త గుంపుగా లెక్కపెట్టి, మొత్తం జీవుల సంఖ్యతో భాగించాలి. ఒకే రకం రాజ్యమేలుతుంటే ఆ అంకె సున్నా వైపు జారుతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ రెండూ కలిపి నదిని ‘ఎ’ నుంచి ‘ఇ’ వరకు అయిదు తరగతులుగా విడదీసింది. ‘ఎ’ శుభ్రం, ‘ఇ’ తీవ్ర కాలుష్యం.

ఒక జాగ్రత్త. రాళ్ల అడుగును రాళ్లతో, బురదను బురదతోనే పోల్చాలి. పైనుంచి నీళ్లు వదిలినప్పుడో, వరద తగ్గీ తగ్గకముందో దిగితే కృష్ణ కూడా వట్టిపోయినట్టే కనిపిస్తుంది. పైగా పురుగులు బాగున్నాయని నీళ్లు తాగకూడదు. రోగకారక బ్యాక్టీరియా సంగతి ల్యాబే చెప్పాలి. స్నానపు నీటికి లీటరుకు 3 మిల్లీగ్రాములు మించని బీఓడీ అనే ప్రమాణమూ ఉండాల్సిందే.

2016 పుష్కరాలకు వాడపల్లి ఘాట్లలో జనం మునిగారు. మళ్లీ కృష్ణా పుష్కరాలు 2028లో. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ కాలేజీల్లో జంతుశాస్త్రం చెప్పే మాస్టార్లకు నా విన్నపం: ఈ లోపు ఏటా చలికాలంలో, మళ్లీ ఎండాకాలంలో, పిల్లల్ని సంగమానికి తీసుకువెళ్లండి. మూసీ వైపు ఒక ట్రే, కలవకముందు కృష్ణలో ఒకటి, కలిసిన తర్వాత ఒకటి. వచ్చిన తరగతిని ఘాట్ దగ్గర బోర్డు మీద రాయించండి.