ఊరందరి మాటకు హద్దురాళ్లు

ట్రేడ్‌మార్క్ దరఖాస్తు తిరిగొచ్చినప్పుడు చిరు వ్యాపారులు రెండు రకాలుగా బాధపడతారు. మీ పేరు ఫలానావారి పేరులా ఉందని చెబితే కొంత సర్దుకుంటారు. ఆ ఫలానావారెవరో కనుక్కుంటారు, తేడా ఏమిటో చూపిస్తారు, వాదించడానికి దారి వెతుకుతారు. అదే మీ పేరులో ప్రత్యేకత లేదని చెబితే మాత్రం మొహం చిన్నబోతుంది. ఎవరితోనూ పోలిక లేదు, ఎవరూ అడ్డు చెప్పలేదు, అయినా కుదరదంటారు. తమ సరుకునే ఎవరో తక్కువ చేసినట్టు అనిపిస్తుంది వాళ్లకు. నా వృత్తిలో ఎక్కువ ఓపికతో వివరించాల్సి వచ్చేది ఈ తిరస్కరణనే. ట్రేడ్‌మార్క్ చట్టంలో నేను మనసారా నమ్మే నియమం కూడా ఇదే.

1999 నాటి ట్రేడ్‌మార్క్ చట్టంలో 9వ సెక్షన్ మొదటి భాగం మూడు రకాల గుర్తులను ఆపుతుంది. ఒకరి సరుకును ఇంకొకరి సరుకు నుంచి వేరు చేసి చూపలేనివి మొదటి రకం. సరుకు ఏమిటో, ఎలాంటిదో, ఎంతో, దేనికి పనికొస్తుందో, ఎక్కడ పుట్టిందో మాత్రమే చెప్పేవి రెండో రకం. జనం నోట్లోనూ ఆ వ్యాపారంలోనూ మామూలుగా నలిగే మాటలు మూడో రకం.

పచ్చళ్లనే తీసుకోండి. ‘ఆవకాయ’ అనేది సరుకు పేరే. దాని మీద ఎవరికీ ఏకహక్కు రాదు. ‘గానుగ నూనె’ అంటే దినుసు, ‘ఘాటు’ అంటే గుణం, ‘శ్రేష్ఠం’ అంటే పొగడ్త. ఇవి ఏ సీసా మీదైనా అతుకుతాయి కాబట్టి, ఏ సీసా ఎవరిదో చెప్పలేవు. అదే ‘ఉడుత ఆవకాయ’ అని పెట్టారనుకోండి. ఉడుతకూ ఆవకాయకూ ఏ సంబంధమూ లేదు. కొన్నవాళ్లకు రుచి నచ్చితే మళ్లీ కొట్టుకెళ్లి ఉడుతబొమ్మ సీసా ఇమ్మంటారు. గుర్తు చేయాల్సిన పని అదే. యాపిల్ అనే పేరు కంప్యూటర్లకు గట్టిగా నిలబడింది. పండ్ల బండికి అదే పేరు పెట్టుకుంటే నిలవదు. వీటికన్నా గట్టివి ఏ భాషలోనూ లేకుండా కొత్తగా పుట్టించిన మాటలు. జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో తన కెమెరాకు పెట్టిన ‘కోడాక్’ అలాంటిదే.

మామూలు మాటనే తెలుగు లిపిలో రాస్తే గట్టెక్కుతామని కొందరు ఆశపడతారు. 2017 నిబంధనల ప్రకారం హిందీ, ఇంగ్లిష్ కాని లిపిలో పేరుంటే దాని ఉచ్చారణ, అర్థం రెండూ దరఖాస్తులో రాసివ్వాలి. పరిశీలించే అధికారి ముందు ఆ మాట అర్థంతో సహా ఉంటుంది.

తెనాలి వైపు నుంచి ఒకావిడ ఇలాంటి అభ్యంతరంతోనే నా దగ్గరికొచ్చారు. ఆవకాయ, గోంగూర, పండుమిరప పచ్చళ్లు పెట్టి అమ్ముతారు. లేబుల్ మీద పేరు ‘ఇంటి పచ్చళ్లు’. ఎవరో కుర్రాడి చేత ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టించారు. వ్యక్తులకూ చిన్న సంస్థలకూ ఆన్‌లైన్ రుసుము తరగతికి 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. పరిశీలన నివేదిక వచ్చింది. జవాబుకు గడువు నెల రోజులు. నివేదిక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో తెచ్చుకున్నారు.

“లాయరు గారూ, నా కోడలు కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇదే పేరుతో అమ్ముతున్నానండీ. ఇది నాది కాదంటే ఇంకెవరిదండీ?” అని అడిగారు.

“ఎవరిదీ కాదమ్మా. అందుకే మీకూ ఇవ్వనంటున్నారు” అన్నాను.

ఆ జవాబు ఆవిడకు నచ్చలేదు. మీ వీధిలో రేపు ఇంకో ఇల్లాలు పచ్చళ్లు పెట్టి అమ్మబోయిందనుకోండి, తను ఇంట్లో చేశానని సీసా మీద రాసుకోకూడదా అని అడిగాను. కాసేపు ఆలోచించి, “రాసుకోకపోతే ఎట్లా, ఇంట్లో చేసిందేగా” అన్నారు. ఆ ఒక్క వాక్యంలో 9వ సెక్షన్ మొత్తం ఉంది. చట్టం కాపాడుతున్నది ఇంకా వ్యాపారం మొదలుపెట్టని ఆ ఇల్లాలిని. ఆమె ఏ దరఖాస్తూ పెట్టలేదు, ఏ వకీలునూ పెట్టుకోలేదు, తన మాట చేజారబోతోందని ఆమెకు తెలియదు కూడా. ఆమె తరఫున రాజ్యం మాట్లాడాలి. ఎవరూ అడ్డు చెప్పకపోయినా దరఖాస్తును నిరాకరించవచ్చని చట్టం చెప్పడానికి కారణం ఇదే.

ఇది మన దగ్గరే పుట్టిన ఆలోచనేమీ కాదు. ఇంగ్లండులో జోసెఫ్ క్రాస్‌ఫీల్డ్ కంపెనీ తన సబ్బుకు ‘పర్ఫెక్షన్’ అనే పేరును రిజిస్టర్ చేయమంది. 1909లో అప్పీలు కోర్టు కుదరదంది. ఎంత వాడినా అది సబ్బును పొగిడే మాటే తప్ప ఫలానావారి సబ్బు అని చెప్పే మాట కాదన్నది తీర్పు సారం. ఇంగ్లిష్ భాష అనే పెద్ద ఉమ్మడి భూమిలో కొంత ముక్కకు కంచె వేసుకుని, ఇప్పటి జనాన్నీ రాబోయే జనాన్నీ బయట ఉంచాలని సంపన్న వ్యాపారులు తహతహలాడుతుంటారని కోజెన్స్-హార్డీ అనే న్యాయమూర్తి ఆ కేసులో వ్యాఖ్యానించారు. మన పల్లెల్లో పుట్టినవాళ్లకు ఆ మాట చప్పున ఎక్కుతుంది. ఊరందరి పశువులూ మేసే బంజరులో ఒకరు రాత్రికి రాత్రి హద్దురాళ్లు పాతితే తెల్లారేసరికి ఊళ్లో ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మన కోర్టులూ అదే దారిన నడిచాయి. ఇంపీరియల్ టొబాకో కంపెనీ ‘సిమ్లా’ పేరునూ మంచుకొండల బొమ్మనూ కలిపి సిగరెట్లకు రిజిస్టర్ చేయమంటే రిజిస్ట్రార్ ఒప్పుకోలేదు. కలకత్తా హైకోర్టు ఆ నిరాకరణను సమర్థించింది. ఊరి పేరు ఆ ఊరి వ్యాపారులందరికీ అవసరమయ్యే మాట. అగరుబత్తీల మీద ‘రామాయణ్’ అనే పేరు కోసం సాగిన వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక పవిత్ర గ్రంథం పేరును సరుకు గుర్తుగా ఒక్కరే సొంతం చేసుకోలేరని, పైగా ఆ వ్యాపారంలో ఎందరో ఆ పేరు వాడుతున్నారని కోర్టు 2015లో తేల్చింది. పెద్ద అక్షరాల్లో రామాయణ్ అని రాసి దానికో కిరీటం బొమ్మ తగిలించినంత మాత్రాన అది ఒకరి సొత్తయిపోలేదు.

ఊరి పేరుకు నిజంగా విలువ ఉంటే దాన్ని కాపాడే దారి వేరే ఉంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అది ఒక దుకాణం పేరు మీద రాలేదు, తయారీదారుల సంఘం పేరు మీద వచ్చింది. పోచంపల్లి ఇక్కత్, కొండపల్లి బొమ్మలు, గుంటూరు సన్నం మిర్చి కూడా ఇలా జీఐ గుర్తింపు పొందినవే. బియ్యపు జావలో గుడ్డ ముంచి కాలే కుండ మీద పొరలు తీసే చేతులన్నిటిదీ ఆత్రేయపురం పూతరేకుల పేరు. ట్రేడ్‌మార్క్ కింద ఒకరికి ఇవ్వకుండా ఆపడమూ, జీఐ కింద అందరికీ కలిపి ఇవ్వడమూ ఒకే న్యాయం.

అయితే చట్టం ఒక తలుపు తెరిచే ఉంచింది. మామూలు మాటే అయినా, దరఖాస్తు తేదీకి ముందే ఒకరు దాన్ని విస్తారంగా వాడి, ఆ పేరు వింటే జనానికి ఫలానావారి సరుకే గుర్తుకొచ్చే స్థితి వచ్చిందని చూపించగలిగితే రిజిస్ట్రేషన్ నిరాకరించకూడదు. వాడకం ద్వారా సంపాదించుకున్న ప్రత్యేకత అది. కష్టపడి తెచ్చుకున్న పేరును గౌరవించే ఈ మినహాయింపు సరైనదే. నాకున్న బాధంతా దాన్ని నిరూపించే పద్ధతి దగ్గర.

నిరూపించాలంటే కాగితాలు కావాలి. అడిడాస్ అంతటి సంస్థకే అది ఒకసారి సాధ్యం కాలేదు. మూడు సమాంతర చారలను ఏ దిశలోనైనా వాడుకునేలా ఐరోపా అంతటా తీసుకున్న ఒక రిజిస్ట్రేషన్‌ను రద్దు చేశారు. 2019 జూన్‌లో ఐరోపా సంఘపు జనరల్ కోర్టు ఆ రద్దును ఖాయం చేసింది. జనం గుర్తుపడతారనడానికి కంపెనీ ఇచ్చిన ఆధారాల్లో పనికొచ్చేవి అప్పటి 28 సభ్యదేశాల్లో అయిదింటికే పరిమితమయ్యాయి. సర్వేలు చేయించగలిగిన, వకీళ్ల దండును పెట్టుకోగలిగిన కంపెనీ సంగతి అది. ఇక మా తెనాలి ఆవిడ సంచిలో ఏముందో చూద్దాం.

బస్సు పార్సిల్ రసీదులున్నాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు పంపిన కొరియర్ స్లిప్పులున్నాయి. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం జిరాక్సులు, లేబుళ్లు అచ్చేసిన ప్రెస్సు బిల్లులు, ఆహార భద్రత లైసెన్సు కాపీ ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పరిచాం. రసీదు మీద ‘పచ్చడి 2 కేజీలు’ అని ఉంది. కొరియర్ స్లిప్పు మీద ‘ఫుడ్ ఐటమ్స్’ అని ఉంది. ప్రెస్సు బిల్లులో ‘స్టిక్కర్లు 1000’ అని ఉంది. ఏ స్టిక్కరో రాయలేదు. లైసెన్సులో ఆవిడ సొంత పేరుంది. ఇన్నేళ్ల కష్టమూ నిజమే, అమ్మకాలూ నిజమే. ఆ పేరు మాత్రం ఒక్క కాగితం మీదా లేదు. పైగా దరఖాస్తులో ఇంతకుముందు నుంచే వాడుతున్నామని రాయాల్సిన చోట ‘ఇకమీదట వాడబోతున్నాం’ అనే గడి ఎంచుకున్నారు. అఫిడవిట్, ఆధారాలు జతపరిచే పని తప్పుతుందని ఆ కుర్రాడు సులువైన దారి చూసుకున్నాడు. ఆ ఒక్క క్లిక్కుతో తెరిచి ఉన్న తలుపును తామే దగ్గరగా వేసుకున్నట్టయింది.

నాకు బాధ కలిగేది ఇక్కడే. సంపాదించుకున్న ప్రత్యేకత అనే మినహాయింపు కాగితం భద్రపరుచుకునే అలవాటున్నవాళ్లకే ఎక్కువగా దక్కుతుంది. టీవీ ప్రకటనల ఖర్చు, ఆడిటరు సంతకం చేసిన అమ్మకాల లెక్కలు, పత్రికల కత్తిరింపులు పెద్ద కంపెనీ దగ్గర సిద్ధంగా ఉంటాయి. వంటింట్లోంచి వ్యాపారం చేసే ఆడవాళ్ల దగ్గర ఉండవు. ఉమ్మడి బంజరును కాపాడటానికి పెట్టిన నియమమే చివరికి బలమున్నవాడికి ఒక మూల రాసిచ్చి, లేనివాడిని బయట నిలబెట్టకూడదు కదా. అందుకే నా దగ్గరికి వచ్చే ప్రతివాళ్లకూ చెబుతుంటాను. బిల్లు మీద పేరు రాయండి. లేబుల్ మార్చినప్పుడల్లా ఒక నమూనా తేదీతో దాచుకోండి. వాట్సాప్‌లో ఎవరైనా మీ పేరు చెప్పి ఆర్డరిస్తే అది చెరిపేయకండి. డబ్బిచ్చి చేయించేవేమీ కావు ఇవి.

అధికారుల వైపు నుంచి కోరాల్సిందీ ఒకటుంది. తిరస్కరిస్తే ఎందుకో, ఏ ఆధారాలతో ఆ నిర్ణయానికి వచ్చారో రాతపూర్వకంగా నమోదు చేయాలని 18వ సెక్షన్ చెబుతోంది. కారణం చెప్పని ఉత్తర్వులను హైకోర్టులు కొట్టేసి, మళ్లీ విని తేల్చమని పంపిన సందర్భాలు చాలా ఉన్నాయి. మూడు నెలల్లోగా హైకోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. కానీ పచ్చళ్లు అమ్మేవాళ్లు హైకోర్టు దాకా ఎంతమంది వెళ్లగలరు? ఈ మాట ఈ సరుకుకు ఎందుకు అందరికీ అవసరమో రెండు వాక్యాల్లో విడమరిచి రాస్తే చాలు. కాదన్న మాటలోనే న్యాయం కనపడుతుంది. వీధిలో రెండో ఇల్లాలి సంగతి చెప్పేసరికి తెనాలి ఆవిడకు విషయం ఎలా తేటపడిందో నేను కళ్లారా చూశాను.

ఇంకో ప్రమాదం గురించి హెచ్చరించాలి. మామూలు మాటకు రంగులూ బొమ్మలూ అద్ది లేబుల్‌గా రిజిస్టర్ చేయించుకుంటారు. లేబుల్ మొత్తంగా చూస్తే దానికి ప్రత్యేకత ఉండొచ్చు. 17వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు మొత్తానికే తప్ప అందులోని మామూలు మాటకు విడిగా రాదు. కొందరు ఆ సర్టిఫికెట్ చేతికి రాగానే పక్క కొట్లకు నోటీసులు పంపుతారు. ఆ మాట వాడితే కేసు వేస్తామని బెదిరిస్తారు. సర్టిఫికెట్ మీద ప్రభుత్వ ముద్ర చూసి భయపడి బోర్డు దించేసుకునేవాళ్లున్నారు. దించకండి. సరుకు ఎలాంటిదో చెప్పడానికి మామూలు మాటను వాడితే అది ఉల్లంఘన కాదని 30వ సెక్షన్ చెబుతోంది. నోటీసు పట్టుకుని ఎవరైనా తెలిసినవాళ్లను అడగండి.

తెనాలి ఆవిడ ఆ దరఖాస్తు మీద ఇంక డబ్బు పోయలేదు. కోడలితో కూర్చుని కొత్త పేరు ఆలోచించుకున్నారు. అది పచ్చడి గురించి ఏమీ చెప్పదు, విన్నవాళ్లు మాత్రం మరచిపోరు. ‘ఇంటి పచ్చళ్లు’ అన్న మాటలు లేబుల్ మీద దాని కింద అలాగే ఉన్నాయి. వాటిని తీసేయమనే హక్కు ఎవరికీ లేదు. వాటిని వాడొద్దని ఇంకొకరికి చెప్పే హక్కు ఆవిడకూ లేదు.

కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. బోర్డు రాయించకముందే పేరు గురించి ఆలోచించండి. సరుకును వర్ణించే మాట మొదటి రోజు అమ్మకానికి సులువుగా ఉంటుంది. సంబంధంలేని మాటను జనం నోటికెక్కించడానికి ఏళ్లు పడుతుంది. అలా నోటికెక్కిన పేరును మాత్రం ఎవరూ లాక్కోలేరు. రిజిస్టరయితే పదేళ్లకోసారి పొడిగించుకుంటూ మీ పిల్లలకూ వాళ్ల పిల్లలకూ ఇచ్చుకోవచ్చు. మనందరి మాటల్లోంచి ఒకటి తీసుకుని నాదే అనడం కన్నా, భాషకు ఒక కొత్త పేరు చేర్చి దాన్ని నిలబెట్టుకోవడమే వ్యాపారికి గౌరవం. ప్రత్యేకత లేదంటూ వచ్చిన కాగితం ఆ పని ఇంకా మిగిలి ఉందని మాత్రమే చెబుతోంది. మీ సరుకును అది తప్పుపట్టడం లేదు.