అయిపోయాక వచ్చే జబ్బేనా?

వాన్ డెర్ కోల్క్ 2014లో రాసిన 'ద బాడీ కీప్స్ ద స్కోర్'లో ఒక పోలికతో మాకు పేచీ ఉంది. మెదడులోని అమిగ్డాలాని ఆయన పొగ పసిగట్టే అలారం అంటాడు. ఘోరం అనుభవించినవాళ్ళకి అది పొగ లేకపోయినా మోగుద్ది. చూపునీ చప్పుడునీ వాసననీ ఒక్కటిగా కలపాల్సిన థాలమస్ పట్టు తప్పుద్ది. అవి ముక్కలుగా మిగిలి, ఒక్క వాసనకే ఒళ్ళు మళ్ళీ ఆ రోజులోకి పోద్ది. ఇంతవరకు ఒప్పుకుంటాం. బాధితుల వణుకుని పిరికితనమనే నోళ్ళు దీంతోనైనా మూతపడాల.

కానీ పొగ లేదని ఎవరు చెప్పాల? వియత్నాం సైనికుల్ని చూసి అమెరికా వైద్యులు 1980లో ఈ జబ్బుకి 'పోస్ట్ ట్రామాటిక్' అని పేరు పెట్టారు. పోస్ట్ అంటే అయిపోయాక. సైనికుడి యుద్ధభూమి సముద్రాల అవతల ఉండిపోయింది. మన చుండూరులో? 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు; శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు శిక్షలన్నీ కొట్టేసింది. ఆ కాలవగట్టు మీదే కూలికి పోయే మనిషి వెనక అడుగుల చప్పుడికి ఉలిక్కిపడితే, అలారం తప్పు మోగిందంటామా?

మంగళగిరి ఎయిమ్స్‌లో చదివే మన పిల్లలు ఈ పుస్తకం చదవాల, ఆ రెండు తీర్పులూ పక్కన పెట్టుకుని.