పటాలపు తొట్టికి మళ్లీ రంగు

రెండో ప్రపంచ యుద్ధం జీపును లోకమంతటికీ పరిచయం చేసింది. దాని వెనక కొక్కేనికి తగులుకుని అదే బురదలో, అవే గుంటల్లో నడిచిన రెండు చక్రాల తొట్టిని గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. యుద్ధం ముగిశాక సైన్యం మిగులు సరుకు కింద అమ్మేసిన ఆ ట్రైలర్లు అమెరికా పల్లెల్లో కట్టెలు మోశాయి, గడ్డి మోశాయి, వేటకు వెళ్లేవాళ్ల గుడారాలు మోశాయి. ఒంట్లో సత్తువ తగ్గాక కొట్టాల వెనక వానకు తడుస్తూ ఉండిపోయాయి. అలాంటివాటిని ఇంటికి తెచ్చి, తుప్పు వదిలించి, రంగు వేసి మళ్లీ రోడ్డెక్కించడం అమెరికాలో, బ్రిటన్‌లో ఇప్పుడు స్థిరపడిన సంప్రదాయం. పాత సైనిక వాహనాల అభిమానులు 1976లో మొదలుపెట్టిన మిలిటరీ వెహికల్ ప్రిజర్వేషన్ అసోసియేషన్ మిస్సోరీ రాష్ట్రంలోని ఇండిపెండెన్స్ కేంద్రంగా నేటికీ నడుస్తోంది. ట్యాంకు కొనే స్తోమత అందరికీ ఉండదు, జీపు కూడా ఖరీదైన సరుకే. ఇంజనూ గేరుబాక్సూ లేని ట్రైలర్ మాత్రం నెల జీతగాడికి కూడా అందుతుంది.

ఈ తొట్టి పుట్టుక వెనక ఒక ఓటమి ఉంది. 1940 వేసవిలో అమెరికా సైన్యం తేలికపాటి నిఘా వాహనం కావాలంటూ ఊపిరాడనంత గడువు పెట్టింది. పెన్సిల్వేనియాలోని బట్లర్ పట్టణానికి చెందిన అమెరికన్ బాంటం కార్ కంపెనీ, కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు చేత నమూనా గీయించి, సెప్టెంబరు 23న తొలి బండిని హోలాబర్డ్ సైనిక శిబిరంలో గడువులోపే అప్పగించింది. అయినా భారీ ఆర్డర్లు విల్లీస్‌కూ ఫోర్డ్‌కూ పోయాయి. జీపుకు ఊపిరి పోసిన బాంటంకు దాని వెనక లాగే ట్రైలర్ల పని దక్కింది. బాంటం టి-3, విల్లీస్ ఎంబీటీ అనే పేర్లతో రెండు కంపెనీలూ దాదాపు ఒకే రూపం తయారుచేశాయి.

తరగతి పావు టన్ను. దారి లేని చోట 500 పౌన్లు, అంటే సుమారు 227 కిలోల సరుకు దీని వంతు. ఖాళీ బండి బరువు 250 కిలోల దరిదాపు. తొట్టి సుమారు ఆరడుగుల పొడవు, మూడడుగుల పైచిలుకు వెడల్పు, అడుగున్నర లోతు. వెనక తలుపు పెట్టలేదు, కారణం ఇది నీళ్లలో తేలాలి. ఆ కొలతల తొట్టి అంచుదాకా మునగాలంటే 750 లీటర్లకు పైగా నీటిని తొలగించాలి. సరుకుతో కలిపినా బండి బరువు 480 కిలోల లోపే గనక నిండు బరువుతోనే కృష్ణలో పుట్టిలా తేలిపోతుంది. లోపల చేరిన నీళ్లు పోవడానికి అడుగున బిరడాలున్నాయి. చక్రాలు, 6.00-16 టైర్లు జీపువే కావడంతో ఒకే స్పేర్ చక్రం రెంటికీ పనికొచ్చేది. 1944లో నార్మండీకి ఎగిరిన వాకో గ్లైడర్లలో ఒక్కోదానిలో జీపైనా పట్టేది, ట్రైలరైనా పట్టేది. యుద్ధం తర్వాత ఎం-100, 1960లలో ఎం-151 జీపులకు జతగా ఎం-416 వచ్చాయి. తక్కువ ఖర్చులో పని మొదలుపెట్టాలనుకునేవాళ్లు వెతికేది ఎక్కువగా ఈ ఎం-416నే.

డబ్బు దండిగా ఉన్నవాడు బండిని నేరుగా ఇసుక బ్లాస్టింగ్‌కు పంపుతాడు. సాయంత్రానికి మెరిసే ఇనుము చేతికొస్తుంది, దాంతోపాటు ఆ బండి ఎక్కడ తిరిగిందో చెప్పే ఆనవాళ్లన్నీ ఇసుకలో కలిసిపోతాయి. డబ్బు లేనివాడు ఉప్పుకాగితం, తీగ బ్రష్ పట్టుకుని సెలవురోజుల్లో అంగుళం అంగుళం గీకుతాడు. ఈ రంగంలో తలపండినవాళ్లు విలువైనవిగా ఎంచే ఆనవాళ్లు చాలావరకు ఈ రెండోవాడికే దొరుకుతాయి. చేతిలో డబ్బు తక్కువైనప్పుడు పని ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యమే బండి చరిత్రను కాపాడుతుంది.

అయితే ఖర్చు తగ్గించకూడని చోట్లు కొన్ని ఉన్నాయి. హబ్బులు, బేరింగులు, టైర్లు, లాగుడు రింగు, రక్షణ గొలుసులు వాటిలో మొదటివి. దశాబ్దాల తరబడి కదలని హబ్బులో గ్రీజు గట్టిపడి ఉంటుంది, తేలే బండి కాబట్టి నీళ్లు కూడా లోపలికి చేరి ఉండొచ్చు. బేరింగు విప్పి, కిరసనాయిలులో కడిగి, రోలర్ల మీద గుంటలూ నీలి మచ్చలూ ఉన్నాయేమో చూడాలి. ఉంటే కొత్తది వేయాల్సిందే. ఆయిల్ సీలు మాత్రం ఎలాగూ కొత్తది. టైరు పైకి బాగా కనిపించినా పక్కగోడలు పగిలి ఉంటే రోడ్డుకు పనికిరాదు. కమాను కట్టల మధ్య తుప్పు ఉబ్బి ఆకులను విడదీస్తుంది. కట్ట విప్పి, ఆకులు శుభ్రం చేసి, విరిగినదాన్ని మారిస్తే చాలు, కొత్త కట్ట కొననక్కర్లేదు.

యుద్ధకాలపు కాంబాట్ రిమ్ముల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. అవి రెండు ముక్కలు. బోల్టులతో ఒకదానికొకటి బిగించి ఉంటాయి. టైరులో గాలి ఉండగా ఆ బోల్టులు వదులు చేస్తే రిమ్ము ముక్క ప్రాణం తీసేంత వేగంతో ఎగురుతుంది. అందుకే వాల్వు సూదిని తీసి గాలి పూర్తిగా పోయిందని తేల్చుకున్నాకే స్పానర్ పెడతారు.

తుప్పు ఎక్కడ దాక్కుంటుందో బండి నిర్మాణమే చెబుతుంది. నీళ్లు లోపలికి రాకుండా చేసిన తొట్టి, లోపల పడ్డ వానను కూడా బయటికి పోనివ్వదు. బిరడా రంధ్రం ఆకులతో, మట్టితో పూడుకుపోతే అడుగు రేకు నెలల తరబడి తడిలోనే నానుతుంది. బిరడాల చుట్టూ, మడ్‌గార్డులు అతికిన అంచుల్లో, ఛాసిస్ రేకును తాకే చోట సుత్తి మొనతో తట్టి చూస్తారు. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తినేసిన చోట మొద్దు శబ్దం వస్తుంది.

చిన్న భాగాల తుప్పు వదిలించడానికి చవకైన పద్ధతులు రెండు. మొదటిది విద్యుత్తుతో. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, బట్టల సోడా కలిపి, తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ చార్జరు నెగటివ్ తీగకూ, పాత ఇనుప ముక్కను పాజిటివ్ తీగకూ తగిలించాలి. గంటల్లో తుప్పు వదులై రాలిపోతుంది, మంచి ఇనుము తరగదు. ఇందులో హైడ్రోజన్ వెలువడుతుంది గనక పని ఆరుబయట జరగాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీలు పెడితే నీళ్లలోకి విషపూరితమైన క్రోమియం దిగుతుంది, కాబట్టి మామూలు ఇనుమే వాడాలి. రెండో పద్ధతి చక్కెర మిల్లుల మొలాసిస్. నీళ్లలో పలుచగా కలిపి భాగాలను వారాల తరబడి నానబెడితే ఇనుప ఆక్సైడు కరిగిపోతుంది. వాసన భరించగలిగితే ఇంతకన్నా తేలికైన దారి లేదు. పెద్ద తొట్టికి ఈ రెండూ కుదరవు. దానికి బ్రష్, గీకుడు పలక, తుప్పును మార్చే ఫాస్ఫారిక్ ఆమ్లపు ద్రావణమే గతి. పెద్ద పీడనంతో ఇసుక కొడితే సన్నటి రేకు వంకర తిరిగి అలలు దేరుతుంది. చేత్తో గీకితే ఖర్చుతోపాటు ఆ నష్టమూ తప్పుతుంది.

ఇక పొరల సంగతి. 1960లలో పుట్టి దశాబ్దాలు పనిచేసిన ఎం-416 మీద కనీసం మూడు యుగాల రంగులు ఉండొచ్చు. అడుగున ఆలివ్ డ్రాబ్, దాని మీద 1970ల నాలుగు రంగుల మభ్యపెట్టే చారలు, పైన 1980లలో వచ్చిన రసాయనాలను తట్టుకునే పాలియురిథేన్ పూత. అంకెలు, అక్షరాలు ఉండే అవకాశమున్న చోట్ల సన్నరకం ఉప్పుకాగితాన్ని నీళ్లలో తడిపి మెల్లగా రుద్దితే, పై రంగు పల్చబడి కింద స్టెన్సిల్ రాతలు లేస్తాయి. కనిపించిన ప్రతి గీతకూ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, కొలతలు రాసుకుని, ట్రేసింగ్ కాగితం మీద నకలు దించుకున్నాకే ముందుకు వెళ్తారు. తడిపి రుద్దడం వెనక ఆరోగ్య కారణం కూడా ఉంది. పాత రంగుల్లో సీసం, ప్రైమర్లలో క్రోమేటు ఉంటాయి. పొడిగా రుద్దితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సరైన వడపోత ఉన్న మాస్కు ఖర్చును మిగుల్చుకోవాలని చూడకూడదు.

చిల్లుపడ్డ రేకుకు మంచి ఇనుము తగిలేదాకా కత్తిరించి, అదే మందం ముక్కను అతకాలి. వెల్డింగ్ ఒకే వరసన లాగితే వేడికి రేకు ముడుచుకుంటుంది. అందుకే అక్కడో టాకా ఇక్కడో టాకా వేసుకుంటూ, మధ్యలో చల్లారనిస్తూ పోతారు. లప్పం విషయంలో పొదుపే మేలు. అది తేమ పీలుస్తుంది, నీళ్లు నిలిచే తొట్టి అడుగున పెడితే కిందనుంచి కొత్త తుప్పు మొదలవుతుంది. సొట్టల్లో చాలావాటిని అలాగే వదిలేస్తారు. సైనికుల చేతుల్లో పడ్డ సొట్టను చదును చేయడానికి డబ్బు పోయడం ఎందుకని వాళ్ల ప్రశ్న.

సొట్టలు వదిలేయగలగడానికి రంగు కూడా సహకరిస్తుంది. కారు మీది మెరుపు రంగు ప్రతి ఎగుడుదిగుడునూ అద్దంలో పెట్టి చూపిస్తుంది. మెరుపులేని సైనిక రంగు వెలుతురును అన్ని వైపులకూ చెదరగొట్టి లోపాలను దాస్తుంది. యుద్ధకాలపు ఆలివ్ డ్రాబ్‌లో ప్రధానంగా ఉన్నవి పసుపు మట్టి రంగూ నలుపూ. ఎండకు వెలిసిన తీరును బట్టి, ఆరిన తీరును బట్టి ఒకే శిబిరంలో రెండు బండ్లు రెండు ఛాయల్లో కనిపించేవి. తర్వాతి కాలపు అమెరికా ప్రభుత్వ రంగుల పట్టికలో 34087 అన్న అంకెలో మొదటి 3 మెరుపులేనిదని చెబుతుంది, అదే రంగు 24087 అయితే సగం మెరుపు.

కంప్రెసర్ లేనివాళ్లు దిగులుపడనక్కర్లేదు. సైన్యం కూడా రంగంలో బ్రష్షుతో పూసిన బండ్లు ఎన్నో. గ్రీజు మరకలు థిన్నర్ గుడ్డతో తుడిచాక ఎపాక్సీ ప్రైమరు, దాని మీద పలుచని పూతలు రెండు మూడు, ఫోమ్ రోలరుతో ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా. రంగు మెరుపును తగ్గించే పొడి డబ్బా అడుగుకు చేరుతుంది గనక పని సాగినంతసేపూ కలుపుతూనే ఉండాలి. ఒక్కో డబ్బా ఒక్కో ఛాయలో ఉండొచ్చు, అందుకే కావాల్సినదంతా ముందే ఒక బకెట్లో పోసి కలిపేస్తారు. ఆరాక పాలిష్ జోలికి పోకూడదు, రుద్దిన చోటల్లా నున్నబడి మెరుపు మచ్చ పడుతుంది.

చివర్లో గుర్తులు. 1942 ఆగస్టులో వెలువడిన అమెరికా సైనిక నిబంధన ఏఆర్ 850-5 ఐదు కోణాల తెల్ల నక్షత్రాన్ని, రిజిస్ట్రేషన్ అంకెలను ఎలా వేయాలో నిర్ణయించింది. యుద్ధం తొలినాళ్లలో ఆ అంకెలు దూరానికి కనపడని నీలి ఛాయలో ఉండేవి, తర్వాత తెలుపుకు మారాయి. ఇక్కడే ప్రలోభం ఎదురవుతుంది. ఏ కాలిఫోర్నియా గోదాములోనో సర్వీసంతా గడిపిన ట్రైలర్ మీద పేరుమోసిన పారాట్రూపర్ల డివిజన్ ముద్ర వేస్తే ప్రదర్శనలో జనం మూగుతారు. పొరల కింద దొరికిన రాతలకే కట్టుబడేవాళ్లు, ఏమీ దొరక్కపోతే నక్షత్రంతో సరిపెట్టుకుంటారు.

దీపాలూ ఒక పాఠమే. యుద్ధకాలంలో విద్యుత్తు 6 వోల్టులు, తర్వాతి బండ్లలో 24. ఇప్పటి కారుకు తగిలించాలంటే బల్బులు 12 వోల్టులవి వేయాలి. వెనక బ్లాకౌట్ దీపాల్లోని చిన్న కిటికీలను మాత్రం మార్చరు. చీకట్లో వరసగా సాగే వాహనాల్లో వెనక డ్రైవరుకు నాలుగు చుక్కలు కనిపిస్తే ముందు బండి 60 అడుగుల లోపుందని, రెండు కనిపిస్తే 60 నుంచి 180 మధ్య ఉందని, ఒక్కటే కనిపిస్తే అంతకన్నా వెనకబడ్డాడని లెక్క.

1940ల చివర్లో మహీంద్రా విల్లీస్ జీపులను మన దేశంలో బిగించడం మొదలుపెట్టాక ఇక్కడి అభిమానులకూ ఈ కుటుంబంతో బంధుత్వం కుదిరింది. కమాను కట్టలు విప్పడం, రేకు అతకడం వంటి పనుల్లో విజయవాడ ఆటోనగర్ మేస్త్రీలకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. రంగు దగ్గర మాత్రం చట్టం అడ్డుతగులుతుంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని 121వ నియమం ప్రకారం రక్షణ శాఖవి తప్ప మరే వాహనమూ ఆలివ్ గ్రీన్ రంగులో ఉండకూడదు. మోటారు వాహనాల చట్టం నిర్వచనంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. వేలంలో కొన్న పాత సైనిక ట్రైలర్‌ను ఇక్కడ రోడ్డు మీదికి తేవాలంటే వేరే రంగు వేయాలి, రిజిస్ట్రేషన్ చేయించాలి. అసలు రంగు ఆనవాలు నిలవాలంటే తొట్టి లోపలి మూలలో అరచేతి వెడల్పు పాత పొరను గీకకుండా, పైన పారదర్శకమైన వార్నిష్ పూసి వదిలేయవచ్చు.

రంగు గట్టిపడ్డాక తొలి పరీక్ష ఇంటి దగ్గరే. బిరడాలు బిగించి తొట్టిలో నీళ్లు పోసి అతుకులు కారుతున్నాయేమో చూస్తారు. తర్వాత ఖాళీ బండితో మెల్లగా పది కిలోమీటర్లు తిప్పి, ఆగి, రెండు హబ్బుల మీదా చెయ్యి వేస్తారు. వెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత కాలితే బేరింగు నట్టు మరీ బిగిసిందని, ఒక హబ్బు వేడిగా, రెండోది చల్లగా ఉంటే వేడిగా ఉన్న వైపు సీలో, చేతిబ్రేకో పట్టుకుంటోందని అర్థం. చక్రాల నట్లు మరోసారి బిగించి, ఆ తేదీని ఫొటోలూ కొలతలూ ఉన్న నోట్‌బుక్కులోనే రాసుకుంటారు.